మూడు రోజుల శిక్షణ అయ్యాక నాలుగో రోజు

సంపాదకులకు నమస్కారాలు.

నేను ప్రకాశం జిల్లాలోని ప్రాథమిక పాఠశాలల్లో ముప్పై నాలుగేళ్లు పనిచేసి, ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసి, ప్రస్తుతం సింగరాయకొండ మండలంలో ఉంటున్నాను. మా మనవరాలిని అంగన్‌వాడీ కేంద్రంలో దిగబెట్టడానికి వెళ్లి, వెంటనే తిరిగి రాబుద్ధికాక ఒక మూల కూర్చోవడం మొదలుపెట్టినదాన్ని, రెండేళ్లుగా వారానికి రెండు మూడు ఉదయాలు అక్కడే గడుపుతున్నాను. అక్కడ చూసినదాన్నిబట్టి, ఆరేళ్లలోపు పిల్లలను సాకి చదువు చెప్పే వారికి మనం ఇస్తున్న శిక్షణ గురించి కొన్ని సంగతులను మీ పత్రిక ద్వారా జిల్లా అధికారుల దృష్టికి తేదలచి ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా ఒక ఉదయం జరిగినది చెబుతాను. పందొమ్మిది మంది పిల్లలు చాపల మీద ఉన్నారు. ఆయమ్మ లోపల గుడ్లు ఉడకబెడుతున్నది. టీచరు ఒక చాటలో చింతగింజలు, సముద్రపు గవ్వలు, ఆల్చిప్పలు, సీసా మూతలు కలిపి పోసి, పిల్లల మధ్య పెట్టి, "వేటికవి ఏరండి" అని మాత్రం చెప్పి పక్కకు జరిగింది. చేరి మూడు వారాలైనా నోరు విప్పని ఒక పల్లెపాలెం పిల్లవాడు ఆ గుంపులో ఉన్నాడు. వాడి తండ్రి వేటకు పోతాడు, తల్లి చేపల గంప ఎత్తుకుని ఊళ్లు తిరుగుతుంది. వాడు గవ్వలూ ఆల్చిప్పలూ మొత్తం తన ముందుకు లాక్కుని, ముందు గవ్వలు ఒక పక్కన, ఆల్చిప్పలు ఒక పక్కన పెట్టాడు. తరువాత ఆల్చిప్పల్లో పెద్దవీ చిన్నవీ విడదీశాడు. అంతటితో ఆగకుండా, ఎవరూ చెప్పకపోయినా, వాటిలో విరిగినవాటిని ఏరి చాపకు దూరంగా గోడవారన పెట్టాడు. టీచరు అప్పుడు వాడి పక్కకు వచ్చి కూర్చుని, "ఇవి అక్కడ ఎందుకు పెట్టావు నాయనా?" అని అడిగింది. వాడు చాలాసేపు ఆమె ముఖం వంక చూసి, "కాలికి గుచ్చుకుంటయ్" అన్నాడు. మూడు వారాల్లో ఆ గదిలో వాడు పలికిన మొదటి మాట అదే.

పని తెలియనివారికి ఇది ఉబుసుపోక ఆటలాగే కనిపిస్తుంది. ఒక కుప్పను ఒక గుణాన్నిబట్టి వేరుచేసి, అదే కుప్పను మరొక గుణాన్నిబట్టి మళ్లీ విడదీయడం లెక్కలకు పునాది. చేసిన పనికి కారణం చెప్పగలగడం భాషకు పునాది. అయితే ఆ ఉదయం నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరచినది టీచరు ఓర్పు. ఎప్పుడు నోరు మూసుకుని ఉండాలో, ఎప్పుడు ఒకే ఒక ప్రశ్న వేయాలో, వేశాక జవాబు వచ్చేదాకా ఎంతసేపు ఆగాలో ఆమెకు తెలుసు. నేనైతే రెండో నిమిషంలోనే "పెద్దవి ఇటు, చిన్నవి అటు" అని చెప్పేసి, వాడు చేయవలసిన ఆలోచన నేనే చేసి ఉండేదాన్ని. ఇది ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగితే, ఉద్యోగంలో చేరిన కొత్తలో పక్క ఊరి కేంద్రంలో ఉన్న ఒక పెద్ద టీచరమ్మ దగ్గరకు వెళ్లి, ఎనిమిది రోజులు ఆమె పక్కనే కూర్చుని చూసి నేర్చుకున్నానని చెప్పింది. మరి శిక్షణల్లో ఏం నేర్పారు అంటే, కొంచెం నవ్వి, "బరువు తూచడం, ఎత్తు కొలవడం, గ్రోత్ చార్టు వేయడం బాగా నేర్పారు మేడమ్" అన్నది.

అది చిన్న విషయమని నేను అనబోవడం లేదు. పసిపిల్లను పడుకోబెట్టి పొడవు కొలిచేటప్పుడు మోకాలు వంగితే లెక్క తప్పుతుంది, ఆ లెక్క తప్పితే ఎదుగుదల ఆగిన పిల్ల ఎవరో తెలియకుండా పోతుంది. కొలత వంటివి హాలులో కూర్చోబెట్టి నేర్పవచ్చు. పిల్లవాడి ఎదుట ఆగడం మాత్రం ఆగగలిగినవారి పక్కన కూర్చుంటేనే వస్తుంది. మన శిక్షణ మొత్తం మొదటి రకం విద్యకు తగినట్టు తయారై ఉన్నది. రెండో రకానికి అందులో చోటే లేదు.

ప్రభుత్వాలు చేతులు ముడుచుకుని కూర్చున్నాయని చెప్పడం నా ఉద్దేశం కాదు. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 33 బ్లాకుల్లో మొదలైన నాటి నుంచీ పోషకాహారం, టీకాలతోపాటు బడికి ముందరి చదువు కూడా దాని సేవల్లో ఒకటి. 2002లో వచ్చిన 86వ రాజ్యాంగ సవరణ 45వ అధికరణాన్ని మార్చి, ఆరేళ్లు నిండేవరకు పిల్లలందరికీ సంరక్షణ, విద్య అందేలా రాజ్యం కృషి చేయాలని రాసింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం, మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని గుర్తుచేస్తూ, మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు ఉన్న కాలాన్ని ఒకే పునాది దశగా ప్రకటించింది. 2023 మే 10న కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 'పోషణ్ భీ పఢాయీ భీ' అనే కార్యక్రమం ప్రారంభించి, అంగన్‌వాడీ కార్యకర్తలకు మూడు రోజుల ప్రత్యక్ష శిక్షణ ఏర్పాటు చేసింది. మరుసటి ఏడాది మార్చిలో పుట్టినప్పటి నుంచి మూడేళ్ల వరకు 'నవచేతన', మూడు నుంచి ఆరేళ్ల వరకు 'ఆధారశిల' అనే రెండు పుస్తకాలు వచ్చాయి. పేర్ల సంగతి ఎలా ఉన్నా లోపలి సరుకు మంచిది. 'నవచేతన'లో 36 నెలలకు సరిపడా 140 కృత్యాలు ఉన్నాయి. 'ఆధారశిల' 48 వారాల ప్రణాళిక. నలభై ఎనిమిది వారాల పనిని మూడు రోజుల్లో చెప్పి పంపించడం దగ్గరే చిక్కంతా వస్తున్నది.

అటువంటి శిక్షణ ఒకదానికి నిరుడు నేను కూడా అనుమతి అడిగి వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. అది ఎక్కడ, ఎవరు నిర్వహించారన్నది ఇక్కడ అనవసరం. శిక్షకురాలు తనకు అప్పగించిన పనిని శ్రద్ధగానే చేశారు. వందకు దగ్గరగా మహిళలు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. కొందరు చంటిపిల్లలను అత్తగారి దగ్గర వదిలి, తెల్లవారుజామునే బస్సు ఎక్కి వచ్చారు. తెర మీద 'సంజ్ఞానాత్మక వికాసం', 'సామాజిక, ఉద్వేగ, నైతిక వికాసం' అని వరసగా వస్తుంటే అందరూ నోటు పుస్తకాల్లో ఎక్కించుకున్నారు. పిల్లలకు ఆటల ద్వారానే నేర్పాలి అన్న విషయం మీద ఉదయం నుంచి సాయంత్రం దాకా ఉపన్యాసం సాగింది, ఒక్క ఆట కూడా ఆడించలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక టీచరు లేచి ఇలా అడిగింది: "మేడమ్, పిల్లాడికి మూడేళ్లు. పలక మీద అఆలు దిద్దించకపోతే వాళ్లమ్మ కాన్వెంటు వ్యాను ఎక్కిస్తానంటోంది. ఆమెకు నేనేం చెప్పాలి?" ఆ రోజు ఆ హాలులో వినిపించిన మాటల్లో పనికి దగ్గరగా ఉన్నది అదొక్కటే అని నాకు అనిపించింది. చివర్లో మాట్లాడుకుందాం అన్నారు. చివర్లో గ్రూపు ఫొటో తీశారు, అభిప్రాయం నింపమని ఫోనుకు ఒక లింకు పంపారు.

ఆ ప్రశ్నకు జవాబు ఉన్నది, అది నాకు ఆలస్యంగా తెలిసింది. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో, ఐదేళ్లు కూడా నిండకుండా ఒకటో తరగతిలో చేర్పించిన పిల్లల చేతికి బలపం ఇచ్చి, వారి పిడికిలిని నా గుప్పిట్లో పట్టుకుని రోజుకు గంటసేపు దిద్దించాను. ఒక పాప మధ్యాహ్నం అన్నం కలుపుకోలేక చెయ్యి విదిలించుకుంటూ ఏడ్చింది. బడి అంటే భయపడి మానేసిన పిల్లలను వెతుక్కుంటూ మళ్లీ నేనే ఇళ్ల చుట్టూ తిరిగాను. ఆ వయసులో మణికట్టు ఎముకలు ఇంకా గట్టిపడి ఉండవనీ, పిండి పిసకడం, పూసలు గుచ్చడం, ఇసుకలో వేలితో గీతలు గీయడం, చింతగింజలు ఏరడం వంటి పనులతో వేళ్లకు పట్టు వచ్చాకే బలపం అందుకోవాలనీ నా ఉపాధ్యాయ శిక్షణలో (టీటీసీలో) ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు మా కేంద్రంలో టీచరు తల్లులను పిలిచి, పిల్లవాడి చేత దారానికి పూసలు గుచ్చించి చూపించి, "ఈ వేళ్లే రేపు పెన్ను పట్టుకునేవి" అని చెబుతున్నది. విన్న తల్లుల్లో సగం మంది ఒప్పుకుంటున్నారు, తక్కిన వారు వ్యాను ఎక్కిస్తున్నారు. మా తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఉంటుంది కనుక, కేంద్రం తెరిచి ఉన్న రోజుల్లో తండ్రులనూ పిలవడానికి అది మంచి అదను. మాటవరసకు ఒకసారి అలా పిలిస్తే ఇద్దరు తండ్రులు వచ్చి, వల అల్లే నైలాను దారంతో పిల్లలకు ముడులు వేయడం నేర్పి వెళ్లారు. ఇటువంటి ఉపాయాలు ఢిల్లీలో అచ్చయిన పుస్తకంలో ఉండవు, ఉండాలని కోరడం కూడా న్యాయం కాదు. ఒక కేంద్రంలో పుట్టిన ఉపాయం పక్క కేంద్రానికి చేరే దారి మాత్రం మన చేతుల్లోనే ఉన్నది.

ఇక శీర్షికలో చెప్పిన నాలుగో రోజు సంగతి. శిక్షణ ముగించుకుని ఆ టీచరు తన కేంద్రానికి తిరిగి వస్తుంది. విన్నదాన్ని పిల్లలతో చేసి చూస్తుంది, కుదరదు. ఎందుకు కుదరలేదో అడగడానికి ఎవరూ ఉండరు. సుమారు పాతిక కేంద్రాలను చూసుకునే సూపర్‌వైజరు వచ్చినప్పుడు గుడ్ల లెక్క, బియ్యం లెక్క, పాల లెక్క, హాజరు చూసేసరికే పూట గడిచిపోతుంది. ఆమెను తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు, ఆమెను అడిగే పైవారు కూడా ఆ లెక్కలే అడుగుతారు. ఆమె పరిధిలోని టీచర్లందరికీ నెలనెలా జరిగే సెక్టారు సమావేశం కూడా అదే తీరు. 2021 మార్చి నుంచి ఈ లెక్కలు ఎక్కించడానికి ఫోనులో పోషణ్ ట్రాకర్ అనే యాప్ వచ్చింది. 2025 జులై నుంచి ఇంటికి ఇచ్చే సరుకులకు ముఖ గుర్తింపు కూడా తప్పనిసరి అయింది. సిగ్నలు కోసం వాకిట్లోకి వెళ్లి, ఒక గర్భిణిని ఎండలో నిలబెట్టి, "కళ్లు ఆర్పమ్మా, కొంచెం ఇటు తిరుగమ్మా" అంటూ టీచరు ఫోను పట్టుకుని తంటాలు పడుతుంటే, లోపల చాట ముందు కూర్చున్న పిల్లలు ఒకరి నెత్తిన ఒకరు గింజలు పోసుకుంటారు. సరుకులు అసలైన వారికి చేరాలన్న ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ దానికి వెచ్చించే సమయం పిల్లల సమయంలోంచే పోతున్నది.

ఈ విషయంలో పక్క రాష్ట్రంలో జరిగిన ఒక పని గురించి మన అధికారులు తప్పక ఆలోచించాలి. తమిళనాడులోని నాలుగు జిల్లాల్లో 640 అంగన్‌వాడీ కేంద్రాలను తీసుకుని, లాటరీ పద్ధతిలో ఎంపిక చేసిన కొన్నింటిలో పిల్లల చదువు కోసం పూటపనికి ఒక అదనపు కార్యకర్తను పెట్టి, తక్కినవాటితో పోల్చి చూశారు. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్, మరి ఇద్దరు ఆర్థికవేత్తలు కలిసి చేసిన ఆ అధ్యయనంలో, అదనపు మనిషి ఉన్న కేంద్రాల్లో పిల్లలకు చదువు చెప్పే సమయం రెట్టింపయింది, లెక్కల్లోనూ భాషలోనూ పిల్లలు ముందుకు వచ్చారు. అంతేకాక, పాత కార్యకర్తకు తీరిక దొరికి పోషకాహారం మీద దృష్టి పెట్టగలగడంతో వయసుకు తగిన ఎత్తు లేని పిల్లల సంఖ్య కూడా తగ్గింది. నేర్చుకున్నది ఆచరించడానికి గంటన్నర నిలకడైన సమయం లేనప్పుడు ఎంత మంచి శిక్షణ అయినా నోటు పుస్తకంలోనే ఉండిపోతుంది. అదనపు మనిషిని ఇవ్వడం జిల్లా స్థాయిలో తేలే విషయం కాదని నాకు తెలుసు. ఉదయం పది నుంచి పదకొండున్నర వరకు ఫోను పనీ, రిజిస్టరు పనీ, తనిఖీ పనీ పెట్టకూడదని ఒక ఉత్తర్వు ఇవ్వడం మాత్రం జిల్లా స్థాయిలో తేలే విషయమే అనుకుంటున్నాను.

పక్కన కూర్చుని నేర్చుకోవడం అనే పద్ధతి నా సొంత ఊహ కాదు. ఇటలీకి చెందిన శిశు విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, మన దేశపు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినప్పుడు, పిల్లలను కదిలించకుండా గంటల తరబడి గమనించడం ఆ శిక్షణలో ఒక భాగం. నెల్లూరు నుంచి పొద్దున రైలెక్కితే భోజనం వేళకు చేరగలిగే చోట అది జరిగింది. మహారాష్ట్ర తీరంలో బోర్డి గ్రామంలో శిశు విద్యావేత్తలు తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ 1945 నుంచి చేసిన పని అంతకన్నా మనకు దగ్గరిది. పిల్లలు బడికి రాకపోతే బడినే వారి వాకిట్లోకి తీసుకువెళ్లారు. అంగన్‌వాడీ అన్న పేరులోని 'అంగన్' ఆ వాకిలే. పిల్లల కోసం బడిని వాకిట్లోకి తెచ్చిన మనం, టీచర్లకు చదువు చెప్పవలసి వచ్చేసరికి మళ్లీ వారినే బస్సెక్కించి హాలుకు రప్పిస్తున్నాము.

2020 విద్యావిధానంలోనే ఇందుకు ఒక దారి ఉన్నది. ఇంటర్మీడియట్, ఆపైన చదివిన అంగన్‌వాడీ టీచర్లకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకన్నా తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా ఇవ్వాలనీ, ఫోను, టీవీల ద్వారా పాఠాలు నడిచినా, పాఠశాల విద్యాశాఖ క్లస్టర్ కేంద్రాలు నెలకు కనీసం ఒక్కసారి ముఖాముఖి తరగతి నిర్వహించాలనీ అందులో స్పష్టంగా రాశారు. ఈ రెండేళ్లలో నేను తిరిగిన కేంద్రాల్లో ఫోనుకు వీడియోలు రావడం చూశాను. ముఖాముఖి తరగతి జరగగా చూడలేదు. ఆ తరగతిని ఏదో ఒక అంగన్‌వాడీ కేంద్రంలోనే, పిల్లలు ఉన్న వేళలోనే పెట్టి, ఆరేడుగురు టీచర్లు గోడవారన కూర్చుని చూసి, పిల్లలు నిద్రపోయాక చూసినదాని గురించి మాట్లాడుకుంటే, దానికి ప్రొజెక్టరు కూడా అక్కర్లేదు. ప్రకాశం జిల్లాకు మైనంపాడులో, నెల్లూరు జిల్లాకు పల్లిపాడులో ఉపాధ్యాయులను తయారుచేసే జిల్లా విద్యా శిక్షణ సంస్థలు (డైట్‌లు) ఉన్నాయి. పల్లిపాడు, 1921లో గాంధీ స్వయంగా ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం ఉన్న ఊరు; చేతి పనితో చదువు నేర్పాలన్న ఆయన మాటను పూసలు, గవ్వలతో మొదలుపెట్టడానికి ఆ ఊరు తగినదే. డైట్ అధ్యాపకులూ, అక్కడ చదివే ఛాత్రోపాధ్యాయులూ నెలకు రెండు రోజులు అంగన్‌వాడీలో గడిపితే ఇటు టీచర్లకు తోడు దొరుకుతుంది, అటు రేపు ఒకటో తరగతి చెప్పబోయేవారికి తమ దగ్గరకు వచ్చే పిల్లలు ఎక్కడి నుంచి వస్తున్నారో తెలుస్తుంది. నా వంటివారికి అది పదవీ విరమణ తరువాత గానీ తెలియలేదు.

ఆయాలను ఈ లెక్కలో ఎవరూ చేర్చడం లేదు. పిల్లవాడు నిద్రలేచి ఏడ్చినప్పుడు ఎత్తుకునేది, కాలకృత్యాలకు తీసుకువెళ్లేది, ముద్ద కలిపి పెట్టేది ఆమె. రోజు మొత్తంలో పిల్లవాడితో ఒంటరిగా మాట్లాడే అవకాశం టీచరు కన్నా ఆమెకే ఎక్కువ. 'నవచేతన'లో చెప్పిన కృత్యాల్లో చాలావాటికి కావలసినదల్లా అన్నం పెడుతూ, స్నానం చేయిస్తూ పిల్లలతో మాట్లాడగలిగిన మనిషి. ఒంగోలు, నెల్లూరు చుట్టుపక్కల రొయ్యల శుద్ధి కర్మాగారాల్లో, చీమకుర్తి గ్రానైటు యూనిట్లలో తల్లులు పనిచేసేచోట పిల్లలను చూసుకునే వారి సంగతి ఇంకా అన్యాయం. ఫ్యాక్టరీలో శిశు సంరక్షణ గది ఉంటే అది పిల్లల సంరక్షణలో శిక్షణ పొందిన మహిళ అధీనంలో ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షనులోనే రాశారు. నేను చూసిన ఒక చోట, ఊడ్చే పని చేయలేని ముసలమ్మను ఆ గదిలో కూర్చోబెట్టారు. పట్టణాల్లోని ప్లే స్కూళ్లలోనూ, రంగురంగుల గోడలు తప్పిస్తే, ఇంటర్ పూర్తిచేసిన వెంటనే చేరిన అమ్మాయిలకు ఏ శిక్షణా ఉండడం లేదు.

జీతం ప్రస్తావన లేకుండా శిక్షణ గురించి రాయడం నాకు సిగ్గుగా ఉంటుంది. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులపాటు రాష్ట్రంలోని అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు సమ్మె చేసినప్పుడు వారి గౌరవవేతనం నెలకు వరసగా 11,500, 7,000 రూపాయలు. అంతకు ముందు ఏడాది ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వీరికి గ్రాట్యుటీ హక్కు ఉన్నదని తీర్పు చెప్పింది. ఆరు నెలలు కష్టపడి సర్టిఫికెట్ తెచ్చుకున్న టీచరుకూ తెచ్చుకోని టీచరుకూ వేతనంలో గానీ, సూపర్‌వైజరు పదోన్నతిలో గానీ తేడా లేకపోతే, శిక్షణ ఇంకొక అదనపు చాకిరీగానే మిగులుతుంది. పక్క కేంద్రాలవారికి నేర్పగలిగిన అనుభవజ్ఞురాలైన టీచరుకు ఆ రోజులకు ప్రత్యేక భత్యం ఇవ్వాలి. పై నుంచి వచ్చే శిక్షకులకు ఇస్తున్నదే ఆమెకూ ఇవ్వవచ్చు.

చివరిగా ఒక విన్నపం. మా కేంద్రం టీచరు దగ్గర కూర్చుని చూడాలని చుట్టుపక్కల ఊళ్ల టీచర్లు నలుగురు అడుగుతున్నారు. వారు ఒక్క రోజు వస్తే వారి కేంద్రాల్లో పిల్లలను ఎవరు చూస్తారన్నది సమస్య. ఆ రోజు ఆయాలకు తోడుగా ఆ కేంద్రాల్లో కూర్చోవడానికి నేనూ, నాతోపాటు విరమణ చేసిన మరో ముగ్గురు ఉపాధ్యాయినులూ సిద్ధంగా ఉన్నాము. మాకు భత్యం గానీ, బస్సు చార్జీలు గానీ అక్కర్లేదు. నెలకు ఒక్క రోజు చొప్పున అందుకు అనుమతి కోరుతూ ఒక దరఖాస్తు పెట్టి నాలుగు నెలలు దాటింది. ఆ మధ్య వెళ్లి అడిగితే, ఇటువంటి దరఖాస్తు ఏ ఫైలులో పెట్టాలో తెలియక పక్కన ఉంచామని చెప్పారు. జిల్లా అధికారులు ఈ లేఖ చూస్తే, ఆ కాగితాన్ని ఏదో ఒక ఫైలులో పెట్టించి, వేట నిషేధం మొదలయ్యేలోగా మాకు జవాబు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు,
సింగరాయకొండ మండలం, ప్రకాశం జిల్లా